తెలిసిన కథ, తెలియని రాగం

మా బాగన్ దాతుక్ కొబ్బరి తోటలకు నూరేళ్ళ క్రితం వచ్చిన తెలుగువారిలో చాలామందిది అప్పటి విశాఖపట్నం జిల్లా. వారు ఓడ ఎక్కుతున్న రోజుల్లోనే అదే జిల్లాలో ఆదిభట్ల నారాయణదాసు గారు ఊరూరా హరికథలు చెబుతున్నారు. అందుకే ఆయనను మా ఊరి పెద్దల్లో ఒకరిగానే తలుస్తాను.

దాసుగారు 1864 ఆగస్టు 31న బొబ్బిలి ప్రాంతపు అజ్జాడలో జన్మించారు. అసలు పేరు సూర్యనారాయణ. విజయనగరంలో కుప్పుస్వామి నాయుడు గారి హరికథ విని ముగ్ధులై, 1883లో ధ్రువచరిత్రను తానే రాసి, తానే వరుసలు కట్టి, తానే గానం చేశారు. అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్ళు.

ఆ రోజుల్లో శాస్త్రీయ సంగీతానికి పెద్ద ఆదరణ దివాణాల్లోనే. దాసుగారు దాన్ని గుడి ముంగిటికి, పెళ్ళి పందిరికి తెచ్చారు. పైగా ఆయన పాడినవి చాలావరకు సొంత రచనలే, అంటే జనం అంతకు ముందు వినని సంగీతం. కొత్త కీర్తన అనగానే లేచిపోయే శ్రోతలు మా దగ్గరా ఉన్నారు, ముఖ్యంగా పిల్లలు! మరి దాసుగారి ముందు జనం ఎలా కూర్చున్నారు? గజేంద్రుడి మొర, రుక్మిణి పెళ్ళి ఎవరికి తెలియవు? కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిడతలు, నడుమ పిట్టకథలు, చతుర్లు. వినేవారు కథలో మునిగాక రాగం అందుకునేవారు. అది ఏ రాగమో తెలియకపోయినా ఏనుగు బాధ అందరికీ తెలుసు కదా! ఆయన పద్యాలు మాత్రం తేలికైనవి కావు. నాకైతే నిఘంటువు పక్కనుండాలి. అయినా జనం కోసం విద్యను పలుచన చేయలేదాయన. తొంభై రాగాలతో దశవిధ రాగ నవతి కుసుమ మంజరిని కూర్చిన మేధ అది.

1919లో విజయనగర సంస్థానం నెలకొల్పిన సంగీత పాఠశాలకు తొలి అధ్యక్షులయ్యారు. అక్కడ విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ విని, ఏకంగా ఉపాధ్యాయుడిగా నియమించుకున్నారు. 1936 వరకు ఆ పదవిలో ఉండి, 1945 జనవరి 2న పరమపదించారు.

ఈ మహాసభల్లో ఎవరైనా కొత్త కృతి పాడబోతే, ముందు పది నిమిషాలు దాని కథ చెప్పించమని కార్యవర్గానికి నా మనవి.