బాపు వడికిన నూలు, బా కట్టిన చీర

రాట్నం అనగానే మనకి గాంధీగారి బొమ్మే గుర్తొస్తుంది. క్యాలెండర్లమీద, పాఠ్యపుస్తకాల అట్టలమీద చూసి చూసి కళ్ళకి అలవాటైపోయింది. ఆ బొమ్మ పక్కన ఇంకో మనిషి కూడా ఉండాలి కదా అని నాకెప్పుడూ అనిపిస్తుంది. అరవై ఏళ్ళు దాటిన కాపురంలో ఆయన వేషం మార్చినప్పుడల్లా తన చీర మార్చుకున్న మనిషి. ఆవిడే కస్తూర్బా.

1869 ఏప్రిల్‌లో పోర్‌బందర్‌లో పుట్టిందావిడ. తండ్రి గోకుల్‌దాస్ మకన్‌జీ కపాడియా వర్తకుడు. కపాడియా అంటేనే బట్టల వ్యాపారం చేసేవాళ్ళని అర్థం. అంటే ఏది మంచి గుడ్డో, ఏది ముతకో ఒకరు చెప్తే తెలుసుకోవలసిన ఇంట్లో పుట్టలేదన్నమాట. పదమూడేళ్ళకే పెళ్ళి. పెళ్ళికొడుకుదీ అదే వయసు, నిజానికి ఆవిడకంటే ఆరు నెలలు చిన్న. అయినా మొగుడు మొగుడే కదా! తన అనుమతి లేకుండా గుడికి కూడా వెళ్ళకూడదని ఆంక్ష పెట్టారాయన. ఆవిడ వాదించలేదు, అలగలేదు. వెళ్ళాలనుకున్నప్పుడు వెళ్ళింది. చదువు చెప్పాలని ఆయన చేసిన ప్రయత్నాలు మాత్రం ఎప్పుడూ సాగలేదు. పగలు పెద్దవాళ్ళముందు మాట్లాడుకోవడానికే వీల్లేని ఇల్లు మరి.

1896 చివర్లో ఆవిడ దక్షిణాఫ్రికా ఓడ ఎక్కింది. ఇద్దరు కొడుకులు, ఆడపడుచు కొడుకు, భర్త. బారిస్టరుగారి భార్య నాగరికంగా కనిపించాలి కదా! హిందూదేశస్థుల్లో పార్సీలు బాగా నాగరికులని అప్పట్లో పేరు. అందుకని గాంధీగారు భార్యకి పార్సీ పద్ధతిలో చీర కట్టమన్నారు. మేజోళ్ళు, బూట్లు తొడిగించారు. పుట్టి బుద్ధెరిగాక బూటు ఎరగని కాళ్ళు అవి. వేళ్ళు ఒరుసుకుపోయేవి, మేజోళ్ళు చెమటకి కంపు కొట్టేవి. ఇదంతా ఆయనే తర్వాత తన ఆత్మకథలో దాచకుండా రాసుకున్నారు. ఆ మోజు తగ్గాక ముళ్ళు, కత్తులతో తినడం మానేశారు, బూట్లూ పోయాయి. పెట్టించిందీ ఆయనే, తీయించిందీ ఆయనే. మధ్యలో పుండ్లు పడ్డ కాళ్ళు మాత్రం ఆవిడవి.

ఆవిడ అన్నింటికీ తలూపిందనుకుంటే పొరపాటు. 1901లో ఇండియాకి తిరిగొచ్చేటప్పుడు అక్కడి మనవాళ్ళు బోలెడు కానుకలిచ్చారు. అందులో కస్తూర్బాకని ఇచ్చిన యాభై గినీల బంగారు హారం ఒకటుంది. ప్రజాసేవకి వచ్చిన కానుకలు ఇంట్లో ఉంచుకోకూడదని గాంధీగారి పట్టు. ముందు పిల్లల్ని తనవైపు తిప్పుకుని, తర్వాత భార్య దగ్గరికి వచ్చారు. ఆవిడ గట్టిగానే నిలదీసింది. రేపు కోడళ్ళు వస్తారు, వాళ్ళకేం పెడతామంది. ఆ హారం ఇచ్చింది నాకు, దానిమీద మీ హక్కేమిటంది. తను రాత్రీ పగలూ చేసిన చాకిరీ మాత్రం సేవ కాదా అని అడిగింది. హారం చివరికి ట్రస్టుకే పోయిందనుకోండి. కానీ ఆ ప్రశ్నలకి నాకైతే ఇవాళ్టికీ జవాబు దొరకలేదు.

ఆవిడ పట్టుదల దేశానికి తెలిసింది 1913లో. క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్ళిళ్ళు చెల్లవని అక్కడి కోర్టు తీర్పు ఇచ్చింది. అంటే నలుగురు కొడుకుల తల్లి చట్టం దృష్టిలో భార్య కాదన్నమాట! ముగ్గురు బంధుమిత్రుల ఆడవాళ్ళతో కలిసి సరిహద్దు దాటి అరెస్టయింది. మూడు నెలల కఠిన శిక్ష. బయటికి వచ్చేసరికి ఎముకలగూడు.

1915లో స్వదేశం వచ్చేశారు. అహమ్మదాబాదులో ఆశ్రమం పెట్టారు. ఇక్కణ్ణించే మన రాట్నం కథ. తమాషా ఏమిటంటే, 1909లో హింద్ స్వరాజ్ రాసినప్పుడే దేశదారిద్ర్యానికి రాట్నం మందని గాంధీగారు రాసేశారు. రాట్నాన్ని మాత్రం అప్పటికి కంటితో చూసిన పాపాన పోలేదు. 1915లో వచ్చాక కూడా చూడలేదు. ఆశ్రమంలో మగ్గాలు పెట్టారు, నేతగాణ్ణి పిలిపించి నేర్చుకున్నారు. నూలు మాత్రం మిల్లుది. చేత్తో వడికేవాళ్ళు ఎక్కడా కనిపించలేదు.

1917లో బీహారులోని చంపారన్‌కి కస్తూర్బా కూడా వెళ్ళింది. నీలిమందు తోటల రైతుల ఊళ్ళు అవి. భితిహర్వా దగ్గర ఒక ఊళ్ళో ఆడవాళ్ళ చీరలు మరీ మురికిగా ఉన్నాయని, ఎందుకు ఉతుక్కోవడం లేదో కనుక్కోమని గాంధీగారు ఆవిణ్ణి పంపారు. మాట్లాడుతుండగా ఒకావిడ కస్తూర్బాని తన గుడిసెలోకి తీసుకెళ్ళి చూపించింది. పెట్టె లేదు, బీరువా లేదు, దండెంమీద గుడ్డ లేదు. ఒంటిమీదున్నదే చీర. అది ఉతికి ఆరేస్తే ఏం కట్టుకోవాలి? మహాత్ముడితో చెప్పి ఇంకో చీర ఇప్పించు, రోజూ స్నానం చేసి ఉతికిన చీర కట్టుకుంటానంది. శుభ్రత గురించి చెప్పడానికి వెళ్ళిన కస్తూర్బా ఆ మాట మోసుకుని వచ్చింది. గాంధీగారు ఆత్మకథలో ఈ సంగతి మర్చిపోకుండా రాశారు. ఆయన ఉపన్యాసాల్లో లెక్కలు చెప్పిన దారిద్ర్యాన్ని ముందు గుమ్మం దాటి లోపలికెళ్ళి చూసింది ఆవిడే.

రాట్నాన్ని దొరకబుచ్చుకున్నది కూడా ఆడమనిషే. ఆవిడ పేరు గంగాబెన్ మజుందార్. వితంతువు. ఆ రోజుల్లోనే గుర్రమెక్కి ఒంటరిగా ఊళ్ళు తిరిగేది. అంటరానితనం పాటించేది కాదు. 1917లో గాంధీగారికి పరిచయమై, రాట్నం వెతికే పని నెత్తిన వేసుకుంది. గుజరాత్ అంతా తిరిగి తిరిగి చివరికి బరోడా సంస్థానంలోని విజాపూర్‌లో పట్టుకుంది. చాలా ఇళ్ళలో రాట్నాలు ఉన్నాయి, పనికిరావని అటకమీద పడేశారు! ఏకులు ఇచ్చి, వడికిన నూలు కొనేవాళ్ళుంటే మళ్ళీ వడుకుతామన్నారు ఆ ఇళ్ళవాళ్ళు. మొదట్లో ఏకులు బొంబాయి మిల్లు నుంచే తెప్పించారు. మిల్లు ఏకుతో వడికేదానికి మిల్లు నూలే కొనుక్కోవచ్చుగా! అందుకని గంగాబెన్ ఒక దూదేకులాయన్ని కుదిర్చింది. నెలకి 35 రూపాయలు అడిగాడు. ఆ రోజుల్లో అది చిన్న జీతం కాదు. ఆయన ఏకిన దూదితో ఏకులు చేయడం కుర్రాళ్ళకి నేర్పించింది.

సరిగ్గా అప్పుడే గాంధీగారు పెద్ద జబ్బు చేసి మంచాన పడ్డారు. పాలు తాగనని ఎప్పుడో ఒట్టు పెట్టుకున్నారు. డాక్టరు పాలు తాగకపోతే కుదరదంటాడు. ఆవుపాలు, గేదెపాలు కదా మీరు వద్దనుకున్నవి, మేకపాలకేం అని మంచం పక్కన నిలబడ్డ కస్తూర్బా అంది. వకీలు భర్తకి దొరకని సందు చదువురాని భార్యకి దొరికింది! కోలుకుంటున్న రోజుల్లో ఆ గదిలోనే రాట్నం పెట్టించారు. దాని రొద తన జబ్బు నయం కావడానికి సాయపడిందని ఆయన రాసుకున్నారు. మేకపాలకీ అందులో పెద్ద వాటా ఉందని మనం కలుపుకుందాం.

ఆశ్రమంలో మొదట తయారైన ఖద్దరు గజం 17 అణాలు పడింది. పన్నా చూస్తే 30 అంగుళాలే. గాంధీగారికి పంచె పొట్టిదైంది. నెల లోపల 45 అంగుళాల పన్నా పంచె ఇవ్వకపోతే ఆ పొట్టి పంచే కట్టుకుని తిరుగుతానని గంగాబెన్‌కి కబురు పెట్టారు. ఆవిడ నెలలోపే చాపు నేయించి పంపింది. 1921 సెప్టెంబరులో మదురైలో ఆయన ఆ పంచె కూడా వదిలేసి కొల్లాయి కట్టారు. బీదవాడికి గుడ్డ కొనే స్తోమత లేదు కనుక తనకీ అంతే చాలన్నారు. గొప్ప విషయమే, కాదనను. కానీ మగవాడు పంచె సగం చేసుకోగలడు. ఆడది చీర సగం చేసుకోలేదుగా! ఖద్దరు ఎంత ముతకైనా, నీళ్ళలో తడిస్తే ఎంత బరువైనా, నిండు చీర కట్టుకునే వంట చెయ్యాలి, బట్టలుతకాలి, వచ్చేపోయేవాళ్ళకి వడ్డించాలి. కస్తూర్బా అది కట్టింది. ఆశ్రమం వంటిల్లూ నడిపింది, రోజూ రాట్నం తిప్పింది.

ఆ ఏడాదే మార్చి నెలాఖరున మన బెజవాడలో జరిగిన కాంగ్రెస్ కమిటీ సమావేశం దేశంలో 20 లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. మన శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఆడవాళ్ళు అప్పటికే తరతరాలుగా సన్ననూలు వడుకుతున్నారు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతారక్కడ. చేప పళ్ళు అంత సన్నగా, దగ్గరగా ఉంటాయి కాబట్టి చెత్తంతా పోయి పోగులు వరసగా సర్దుకుంటాయి. ఇదేదో సరదా పని అనుకోకండి. పత్తి గింజ తీయాలి, దూది ఏకాలి, ఏకులు చుట్టాలి, అప్పుడు కదురుకి అందించాలి. ముసురు పట్టిన రోజుల్లో ఇంకా కష్టం. దూది చెమ్మ పీల్చి ముద్దకడుతుంది, ఏకే వింటినారి సాగుతుంది. అందుకే ఎండ కాసినప్పుడు దూది ఆరబెట్టి ఏకులు చేసి పెట్టుకోవాలి. ఏకులుంటే వానలో వసారాలో కూర్చుని ఎంతసేపైనా వడుక్కోవచ్చు.

ఒక చీరకి ఎంత నూలు పడుతుందో లెక్క వేసి చూశాను. అయిదున్నర గజాల చీర, 45 అంగుళాల పన్నా, అంగుళానికి 40 పోగులనుకుందాం. పడుగుకి సుమారు పదివేల గజాలు, పేకకి ఇంకో పదివేలు. మొత్తం 20 వేల గజాలు. చెయ్యి తిరిగినవాళ్ళు గంటకి మూడొందల గజాలు వడుకుతారు. రోజుకి అరగంట కూర్చుంటే నాలుగు నెలలు దాటుతుంది. 1924లో బెళగాం కాంగ్రెస్ సభ్యత్వానికి నెలకి 2,000 గజాల నూలు ఇవ్వాలని నియమం పెట్టింది. ఆ లెక్కన పది నెలల చందా ఒక్క చీరకి సరి. ఏడాది తిరక్కుండానే ఆ నియమం సడలించారంటే ఆశ్చర్యమేముంది? మగవాళ్ళకి ఏకు మేకైపోయింది.

1922 మార్చిలో గాంధీగారికి ఆరేళ్ళ శిక్ష పడింది. అప్పుడు దేశానికి కస్తూర్బా పేరుతో ఒక విజ్ఞప్తి వెళ్ళింది. తనమీద జాలిపడేవాళ్ళు, భర్తమీద గౌరవం ఉన్నవాళ్ళు విదేశీ గుడ్డ వదిలి ఖద్దరు కట్టాలనీ, ఆడవాళ్ళందరూ రోజూ నూలు వడకడం ధర్మంగా పెట్టుకోవాలనీ, వర్తకులు విదేశీ గుడ్డ అమ్మకం మానాలనీ అడిగింది. వర్తకుడి కూతురు వర్తకుల్ని అడిగిన మాట అది. మేజోళ్ళు ఒకరు తొడిగితే తొడుక్కున్న మనిషి, ఖద్దరు దగ్గరికి వచ్చేసరికి తనే ముందు నిలబడి పిలిచింది. నాకు ఆవిడ జీవితంలో పెద్ద మలుపు ఇదే అనిపిస్తుంది.

ఆ తర్వాత జైళ్ళు ఆవిడకి మామూలైపోయాయి. 1939లో రాజ్‌కోట సత్యాగ్రహానికి డెబ్బయ్యో ఏట బయల్దేరి నిర్బంధంలో పడింది. 1942 ఆగస్టు 9న తెల్లవారుజామున గాంధీగారిని బొంబాయిలో పట్టుకుపోయారు. సాయంత్రం శివాజీ పార్కు సభలో ఆయన బదులు తను మాట్లాడతానని బయల్దేరింది కస్తూర్బా. సభకి చేరకుండానే అరెస్టు చేశారు. పూనాలో ఆగాఖాన్ భవనంలో ఇద్దరినీ కలిపి ఉంచారు. అక్కడికి వెళ్ళిన కొద్ది రోజులకే, ఆగస్టు 15న, కొడుకులాంటి మహదేవ్ దేశాయ్ పోయాడు. ఆ దెబ్బ నుంచి ఆవిడ తేరుకోలేదు. గుండె జబ్బు ముదిరింది. చిన్నకొడుకు దేవదాస్ విమానంలో పెన్సిలిన్ తెప్పించాడు. అప్పట్లో అది దొరకడమే అపురూపం. సూదులతో ఇంకా హింస పెట్టవద్దని గాంధీగారు వద్దన్నారు. కొడుకు బాధ కొడుకుది, భర్త బాధ భర్తది. ఇందులో ఎవరిది ఒప్పని నేను చెప్పలేను.

1944 ఫిబ్రవరి 22, మహాశివరాత్రి. సాయంత్రం ఏడున్నర దాటాక భర్త ఒడిలో కన్నుమూసింది.

ఆఖరికి ఆవిడకి కట్టింది ఆయన స్వయంగా వడికిన నూలుతో నేసిన చీర. రెండేళ్ళ కిందట ఇందిర పెళ్ళికి, జైల్లో నెహ్రూ వడికిన నూలుతో చీర నేయించారు. ఆ చీర సంగతి అందరూ చెప్పుకుంటారు. ఈ చీర సంగతి చెప్పేవాళ్ళు తక్కువ. ఇందాకటి లెక్క మళ్ళీ గుర్తొస్తోంది నాకు. వైస్రాయిలకి ఉత్తరాలు, నిరాహారదీక్షలు, ఊరూరా సభలు, వీటన్నింటి మధ్య రోజుకి కాసేపు కూర్చుని తీసిన దారం అది. ఆయన చెప్తే పార్సీ కట్టు కట్టింది, ఆయన చెప్తే నగలు తీసింది. ఇన్నేళ్ళలో ఆయన చేతులారా ఆవిడకోసం తయారైన వస్తువులేవని వెతికితే నాకు కనిపించేది ఈ నూలే.

దహనం ఆ భవనం ఆవరణలోనే జరిగింది. నూటయాభై మందిని లోపలికి రానిచ్చారట. చితి పూర్తిగా కాలేదాకా డెబ్బైనాలుగేళ్ళ ఆయన చెట్టుకింద కూర్చునే ఉన్నారు. తర్వాత అస్థికలు ఏరుతుంటే ఆవిడ చేతి గాజుగాజులు అయిదు చెక్కుచెదరకుండా దొరికాయి. ఆవిడ పేరుమీద స్త్రీలూ పిల్లల కోసం 75 లక్షల నిధి పోగుచేద్దామనుకుంటే కోటి దాటింది. పూనాలో ఆవిడ సమాధి మహదేవ్ దేశాయ్ సమాధి పక్కనే ఉంది.