చేతులు నల్లచేసుకున్న ఇంజనీరు – అర్దెషీర్ కర్సెట్జీ

ఓడ ఇంజను పని పుస్తకంతో రాదని, వర్క్‌షాపులో ఒక్కరోజైనా ఆకురాయి పట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ పనిని మన దేశంలో తొలిగా ఒంటబట్టించుకున్న వారిలో శ్రీ అర్దెషీర్ కర్సెట్జీ ఒకరు. ఆయన 1808లో బొంబాయిలో, ఓడల నిర్మాణానికి పేరుపొందిన పార్సీ వాడియాల ఇంట జన్మించారు.

ఇంటివారు టేకు ఓడలు కడుతుంటే ఈయన మనసు ఆవిరి యంత్రాల మీదికి పోయింది. అప్పట్లో బొంబాయిలో అది నేర్పే బడి ఎక్కడ? ఇంటివద్దనే చిన్న ఫౌండ్రీ పెట్టుకున్నారు. ఒక హార్స్‌పవర్ ఇంజను స్వయంగా తయారుచేసి, దానితో బావి నీరు తోడించారు. 1834లో తన ఇంటికి గ్యాసు దీపాలు పెట్టారు. నేర్చినది దాచుకోకుండా, ఎల్ఫిన్‌స్టన్ విద్యాసంస్థలో మన పనివారికి యంత్ర, రసాయన విద్యలు బోధించారు. ఇది అన్నిటికన్నా పెద్ద పని అని మా అభిప్రాయం.

1839లో ఇంగ్లండు వెళ్ళి అక్కడి ఇంజను కర్మాగారాలను దగ్గరుండి పరిశీలించారు. 1841లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. భారతీయులలో ఆయనే మొదటివారు. అదే ఏడు బొంబాయి ఆవిరి కర్మాగారానికి చీఫ్ ఇంజనీరుగా వచ్చారు. తెల్లవారు ఒక భారతీయుని కింద పనిచేయడమా అని అక్కడి ఇంగ్లీషు పత్రిక అభ్యంతరం చెప్పింది. ఆయన మాత్రం 1857 వరకు ఆ కుర్చీలోనే ఉన్నారు. ఈ మధ్యలో, 1851లో, సొంత ఫౌండ్రీలో చేసిన యంత్రభాగాలతో 'లవ్‌జీ ఫ్యామిలీ' అనే ఆవిరి ఓడను నీటిలోకి దింపారు.

రిటైరయ్యాక ఇంగ్లండులో విశ్రాంతిగా ఉండవలసినవారు, 1861లో సింధు నది నౌకల పనికి మళ్ళీ వచ్చారు. పాత ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇప్పటికీ కాసేపు నిలబడి వచ్చే మనవాళ్ళకు ఇది వింతగా తోచదు. 1877లో రిచ్‌మండ్‌లో కన్నుమూశారు. 1969లో మన తపాలా శాఖ ఆయన పేర స్టాంపు విడుదల చేసింది.