సి.ఎస్.నాయుడు
సి.ఎస్.నాయుడుగా ప్రసిద్ధుడైన కొఠారి సుబ్బన్న నాయుడు (ఏప్రిల్ 18, 1914 - నవంబర్ 22, 2002) భారతదేశానికి చెందిన టెస్టు క్రికెట్ క్రీడాకారుడు. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించాడు. భారత జట్టు తొలి టెస్టు కెప్టెన్ సి.కె.నాయుడు ఇతని అన్న. అన్నదమ్ముల మధ్య వయోభేదం 18 సంవత్సరాలకు పైనే. దేశవాళీ పోటీలలో వందలాది వికెట్లు తీసిన ఈ బౌలర్‌కు టెస్టులలో దక్కినవి రెండే వికెట్లు.

'''దేశవాళీ క్రికెట్'''

సుబ్బన్న నాయుడు కుడిచేతి వాటం లెగ్‌స్పిన్నర్. లెగ్‌స్పిన్ వేసే తీరులోనే చేయి తిప్పి, బంతిని వ్యతిరేక దిశలో మళ్ళించే గూగ్లీని కూడా ప్రయోగించేవాడు. 1942-43 రంజీ ట్రోఫీలో బరోడా తరఫున ఆడి, ఒకే సీజన్‌లో 40 వికెట్లు సాధించిన మొదటి బౌలర్‌గా నిలిచాడు. ఆ ఏడాది సికింద్రాబాదులో జరిగిన ఫైనల్‌లో బరోడా జట్టు హైదరాబాదును ఓడించి విజేత అయింది.

1944-45 ఫైనల్‌లో హోల్కర్ జట్టు తరఫున బొంబాయిపై బౌలింగ్ చేశాడు. మొదటి ఇన్నింగ్స్‌లో 64.5 ఓవర్లు వేసి 153 పరుగులకు 6 వికెట్లు, రెండవ ఇన్నింగ్స్‌లో 88 ఓవర్లు వేసి 275 పరుగులకు 5 వికెట్లు తీశాడు. ఒకే మ్యాచ్‌లో 917 బంతులు వేయడం, 428 పరుగులు ఇవ్వడం ప్రథమశ్రేణి క్రికెట్‌లో రికార్డులు. 11 వికెట్లు తీసినప్పటికీ హోల్కర్ 374 పరుగుల తేడాతో ఓడిపోయింది.

'''టెస్టు క్రికెట్'''

1934 జనవరిలో కలకత్తాలో ఇంగ్లాండుపై టెస్టులలో ప్రవేశించాడు. 1936, 1946లలో ఇంగ్లాండులోను, 1947-48లో ఆస్ట్రేలియాలోను పర్యటించాడు. చివరి టెస్టు 1952 జనవరిలో కాన్పూరులో ఆడాడు. పద్దెనిమిదేళ్ళ వ్యవధిలో ఆడినవి 11 టెస్టులే. వాటిలో 147 పరుగులు చేసి, 179.50 సగటుతో 2 వికెట్లు మాత్రమే పొందాడు. రెండవ ప్రపంచయుద్ధం వల్ల 1936 తర్వాత పదేళ్ళపాటు భారత జట్టుకు టెస్టులే లేవు. 1942-43లో రంజీలో విశేషంగా రాణించిన కాలం ఆ విరామంలోనే గడిచిపోయింది.

'''చివరి దశ'''

టెస్టు అవకాశాలు ముగిసిన తర్వాత కూడా ఆటను విడిచిపెట్టలేదు. మధ్యపరగణాలు, బరోడా, హోల్కర్‌లతో పాటు బెంగాల్, ఆంధ్ర, ఉత్తరప్రదేశ్ జట్లకు కూడా ప్రాతినిధ్యం వహించాడు. 1960-61లో ఆట నుంచి తప్పుకొనే నాటికి వయస్సు 46 ఏళ్ళు. 174 ప్రథమశ్రేణి మ్యాచ్‌లలో 647 వికెట్లు, 5,786 పరుగులు ఇతని ఖాతాలో ఉన్నాయి. 88 ఏళ్ళ వయస్సులో ఇండోర్‌లో మరణించాడు.