దారినున్నవారి పక్షమున నిలిచిన వెన్నెలకంటి రాఘవయ్యగారు

పఠన భాగము: లూకా 10:25–37



కాజీపేట వైపునుండి సికింద్రాబాదునకు రైలులో పోవువారు చర్లపల్లి, ఆ తరువాత మౌలాలి స్టేషనులను దాటుదురు. మన పల్లెలనుండి కూలికి పోయినవారిలో కొందరు గది దొరకువరకు అట్టి స్టేషనులవద్దను, వంతెనల క్రిందను పండుకొనుట మనమెరుగుదుము. 2017 నవంబరులో పరదేశపు అతిథులు పెద్ద సభకు వచ్చుచున్నారని, హైదరాబాదులో రెండు నెలలపాటు భిక్షమెత్తుట నిషేధింపబడెను. వీధులలో భిక్షమెత్తువారిని పట్టి చర్లపల్లి, చంచల్‌గూడ జైళ్ల ఆవరణలలోని ఆశ్రమములకు తరలించిరి. అక్కడ వారికి అన్నము పెట్టిరి, నిజమే. అయినను ఆకలిగొన్నవానికి జైలు ఆవరణము ఏల? భిక్షమెత్తుటను నేరముగా చూచు చట్టము 1977నుండియే మన రాష్ట్రములో కలదు. అంతకు ముందు, నిలుకడైన ఇల్లు లేని జాతులను పుట్టుకతోనే నేరస్థులనిన చట్టమొకటి యుండెను. దానిని ఎదిరించిన తెలుగువాని జీవితమును ఈ నెల తలంచుకొందము.

వెన్నెలకంటి రాఘవయ్యగారు 1897లో నెల్లూరు జిల్లాలో జన్మించిరి. న్యాయశాస్త్రము చదివి వకీలైరి. గాంధీగారి పిలుపు విని స్వాతంత్ర్యోద్యమములో చేరిరి. వకీలు వృత్తిలో సుఖముగా బ్రదుకవచ్చును. కాని ఆ జిల్లాలోని యానాదుల స్థితి ఆయనను నిలువనీయలేదు. చిన్న ఆకు గుడిసెలలో నివసించుచు, చేపలు పట్టుచు, తేనె తీయుచు, రైతుల పొలములకు కావలి కాయుచు బ్రదుకు నిరుపేదలు వారు. ఊరిలో దొంగతనము జరిగినచో ముందుగా వారి గుడిసెలనే వెదకెడివారు.

ఆ కాలపు చట్టమును గూర్చి కొంచెము చెప్పవలెను. ఇంగ్లీషు ప్రభుత్వము 1871లో నేరస్థ జాతుల చట్టమును చేసెను. 1911లో దానిని మద్రాసు రాజధానికిని వర్తింపజేసిరి. దానిచొప్పున ఒక్క మనుష్యుని నేరమును విచారించుట కాదు, జాతి జాతినే నేరస్థులుగా ప్రకటింపవచ్చును. వారి పేర్లు వ్రాసికొని వ్రేలిముద్రలు తీసికొనిరి. వారు పోలీసులయొద్ద హాజరు చెప్పుకొనవలెను. సెలవు చీటి లేక ఊరు దాటినచో శిక్ష. ఎరుకలవారు పూర్వము గాడిదలమీద ఉప్పును ధాన్యమును మోసికొని ఊరూర అమ్ముకొనెడివారు. రైళ్లు వచ్చి ఆ వ్యాపారము పోయెను. బ్రదుకుతెరువు పోగొట్టుకొని దారిని పడినవారికి ఆ దారియే నేరమాయెను.

రాఘవయ్యగారు యానాదులను సంఘముగా కూర్చిరి. వారి మధ్య తిరిగి, వారి కష్టములను తెలిసికొని, ఆ చట్టమును తీసివేయవలెనని పోరాడిరి. 1946లో మద్రాసు శాసనసభలో ప్రవేశించి, ప్రకాశం పంతులుగారి మంత్రివర్గములో పార్లమెంటరీ కార్యదర్శిగా నుండిరి. 1947లో మద్రాసు రాష్ట్రములో ఆ చట్టము రద్దాయెను. తరువాత తిరుచానూరువారైన అనంతశయనం అయ్యంగారి అధ్యక్షతను విచారణ సంఘము కూర్చుండెను. 1952 ఆగస్టు 31న దేశమంతట ఆ చట్టము తొలగిపోయెను. రాఘవయ్యగారు అంతటితో ఊరకుండలేదు. థక్కర్ బాపా స్థాపించిన ఆదిమజాతి సేవక సంఘములో పనిచేసిరి. యానాదులను గూర్చియు, సంచార జాతులను గూర్చియు గ్రంథములు వ్రాసిరి. 1973లో ఆయనకు పద్మభూషణ్ బిరుదము లభించెను. 1981లో కన్నుమూసిరి.

ప్రియులారా, ఇక్కడ మనము దాచకూడని సంగతి యొకటి కలదు. ఆ చట్టము క్రింద ఎరుకలవారిని ఉంచిన సెటిల్‌మెంట్లలో స్టూవర్టుపురమును రక్షణ సైన్యమువారును, కావలిని అమెరికన్ బాప్టిస్టు మిషనువారును నడిపిరి. వారు పని కల్పించిరి, బడులు పెట్టిరి, సువార్త చెప్పిరి. ఆ మేలును మరువరాదు. కాని సెలవులేక ఎవరును దాటకూడని కంచె లోపల ఆ మేలు జరిగెను. ఆ కంచెను తీయుటకు మన సంఘము వెలుపలివాడైన ఒక వకీలు శ్రమపడెను. మంచి సమరయుని కథలో యాజకుడును లేవీయుడును ప్రక్కగా పోయిరి, ఆగినవాడు పరాయివాడు. ఆ కథ మనలను గూర్చియే చెప్పబడినది.

మేమును తప్పినవారమే. కొన్నేండ్ల క్రిందట క్రిస్మసుకు ముందు ఒక సంచార కుటుంబము మా గుడి అరుగుమీద దిగెను. క్రొత్తగా సున్నము వేసిన గోడలు పాడగునని, పెద్దలతో కలిసి మేమే వారిని ప్రొద్దుగూకకముందే పంపివేసితిమి. ఆ రాత్రి చలి మెండుగా నుండెను. పండుగనాడు, సత్రములో చోటులేక ప్రభువు పశువుల తొట్టిలో పరుండబెట్టబడిన భాగమును చదువబోగా మాకు గొంతు పెగలలేదు.

2018లో ఢిల్లీ హైకోర్టు, అక్కడ భిక్షమెత్తుటను నేరముగా ఎంచిన నిబంధనలను కొట్టివేసెను. న్యాయాధిపతులు చేయవలసినది వారు చేయుదురు. మనము చేయవలసినదేమి? పొలములో మరచిన పనను పరదేశికి విడువుమని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము నేర్పుచున్నది. మన ఊరిలో దొంగతనము జరిగినప్పుడు సాక్ష్యము లేక గుడారములవారి పేరు చెప్పకుందము. వారిని వెళ్లగొట్టవలెనని పంచాయతీలో మాట వచ్చినప్పుడు ఒక్కరమైనను లేచి, వారెక్కడికి పోవుదురని అడుగుదము. పట్నమునకు పోవు మన పిల్లలు ఏ వంతెన క్రింద పండుకొనుచున్నారో విచారించి, అక్కడి సంఘమునకు ఉత్తరమో ఫోనో చేయుదము. ఈ క్రిస్మసుకు మా గుడి అరుగు రాత్రివేళ దారిపోవువారికి విడిచియుంచుటకు పెద్దలందరు ఒప్పుకొనిరి. మీ సంఘములలోను ఈ మాట ఎత్తుడి.

ప్రార్థన: తల వాల్చుటకు చోటులేక తిరిగిన ప్రభువా, ఇల్లు లేనివారిలో నిన్ను గుర్తించు కన్నులను మాకు దయచేయుము. ఆమేన్.