వేల్సు కొండలను చదివిన ఆడం సెజ్విక్

ఇంగ్లండు ఉత్తరభాగంలోని డెంట్ అనే కొండపల్లెలో 1785 మార్చి 22వ తేదీన ఒక మతాచార్యుని ఇంట ఆడం సెజ్విక్ జన్మించాడు. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో గణితం అభ్యసించి, 1818లో ఆ విశ్వవిద్యాలయంలోనే భూగర్భశాస్త్ర ఆచార్యుడైనాడు. విచిత్రమేమంటే, అప్పటికి ఆ శాస్త్రంతో ఆయనకు గల పరిచయం స్వల్పం.

1831 వేసవిలో ఆయన ఉత్తర వేల్సు పర్వతసీమలో అడుగుపెట్టాడు. స్నోడన్ శిఖరం చుట్టునున్న ఆ ప్రాంతం నాటి శాస్త్రజ్ఞులకు ఒక చిక్కుముడి. అక్కడి శిలల పొరలు పరచిన చాపలవలె లేవు. భూమిలోని ఒత్తిడికి మడతలు పడ్డాయి. కొన్నిచోట్ల తెగి, స్థానం తప్పి జారిపోయాయి. ఇట్టి తెగుళ్లకే భ్రంశాలని పేరు. బాలా సరస్సు అటువంటి ఒక దీర్ఘ భ్రంశరేఖ మీదనే ఉన్నది. ఇవి చాలవన్నట్లు పలకరాయి మరొక మోసం చేస్తుంది. బడిపిల్లల పలకలకు వాడిన ఈ రాయి పలుచని రేకులుగా చీలుతుంది. ఆ చీలికలే సముద్రగర్భంలో బురద పేరుకొన్న పొరలని భ్రమపడడం సులభం. కాని అవి తరువాత కలిగినవనీ, అసలు పొరలను ఖండిస్తూ పోతాయనీ సెజ్విక్ 1835లో విశదపరిచాడు. ఒత్తిడే వాటికి కారణమని అనంతరం వచ్చినవారు తేల్చారు. ఈ భేదం తెలియనివానికి వేల్సు కొండలలో ఏ పొర ముందో, ఏది వెనుకో బోధపడదు. ఆయన కృషిలో ఇదే మిన్న అనవచ్చు.

ఆ తొలియాత్రలో కొన్ని దినాలు 22 ఏళ్ల చార్లెస్ డార్విన్ ఆయన వెంట నడిచాడు. క్వమ్ ఇడ్వాల్ లోయలో ఇద్దరూ శిలాజాలకై గంటల తరబడి గాలించారు. హిమానీనదాలు రాళ్ల మీద గీచిన గీతలు, విడిచిపోయిన గండశిలలు మాత్రం ఆచార్యుని కంటికీ ఆనలేదు! 1859లో డార్విన్ పరిణామవాదాన్ని సెజ్విక్ తీవ్రంగా నిరసించినా, వారి స్నేహం చెడలేదు.

చెడిన స్నేహం వేరొకటి. పూర్వం సైనికుడైన రోడరిక్ మర్చిసన్ వేల్సు సరిహద్దున పైపొరల నుండి క్రిందికి, సెజ్విక్ క్రిందిపొరల నుండి పైకి పరిశోధన సాగించారు. 1835లో సెజ్విక్ తన భాగాన్ని, వేల్సుకు గల లాటిన్ నామాన్నిబట్టి, కేంబ్రియన్ అన్నాడు. మర్చిసన్ తన భాగానికి అక్కడి ప్రాచీన జాతి పేర సైలూరియన్ అని నామకరణం చేశాడు. ఒకటి ఎక్కడ ముగిసి రెండవది ఎక్కడ మొదలవుతుందో మాత్రం తేలలేదు. బాలా ప్రాంతపు శిలలలోను, మర్చిసన్ క్రిందిపొరలలోను ఒకే తీరు శిలాజాలు బయటపడ్డాయి. అవి తనవేనన్న మర్చిసన్ క్రమంగా కేంబ్రియన్‌లో అధికభాగం ఆక్రమించాడు. 1852లో సెజ్విక్ బాహాటంగా ఎదిరించాడు. పాతికేళ్ల చెలిమి తెగిపోయింది. న్యాయంగా చెప్పాలంటే, తన పొరలలోని శిలాజాలను వర్ణించి ప్రకటించడంలో సెజ్విక్ చేసిన జాప్యం కూడ ఇందుకు కొంత కారణం.

వివాదం తేలకుండానే మర్చిసన్ 1871లో, సెజ్విక్ 1873 జనవరి 27న గతించారు. 1879లో చార్లెస్ లాప్‌వర్త్ అనే స్కాట్లండు బడిపంతులు, ఇరుపక్షాలవారు కోరిన పొరలను వేరుచేసి, ఉత్తర వేల్సులోని మరొక ప్రాచీన జాతి పేర ఆర్డవీషియన్ అని పేరిడినాడు. స్నోడన్ శిఖరపు శిలలు ఆ మూడవ వర్గానికి చెందినవే.