లోహంలో పలికిన హృదయం

మానవకంఠంలోని ఆర్ద్రత లోహపు పలకలలో పలుకుతుందా? పలుకుతుందని నిరూపించిన వాద్యకళాకారుడు మిల్ట్ జాక్సన్.

ఆయన 1923 జనవరి 1న అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో జన్మించారు. బాల్యంలో విన్న చర్చి గీతాలే ఆయనకు తొలి సంగీతపాఠాలు. ఏడవ ఏట గిటారును, పదకొండవ ఏట పియానోను అభ్యసించిన ఆయన, కౌమారంలో వైబ్రాఫోన్‌ను చేపట్టి దానినే తన జీవితవాద్యంగా చేసుకున్నారు.

వైబ్రాఫోన్‌లో వరుసగా అమర్చిన లోహపు పలకలను మెత్తటి తలగల కర్రలతో వాయిస్తారు. పలకల కింది గొట్టాలలో మోటారు సాయంతో తిరిగే బిళ్లలు నాదానికి కంపనాన్ని కలిగిస్తాయి. ఈ వాద్యానికి జాజ్ సంగీతంలో ఖ్యాతి తెచ్చిన లయొనెల్ హాంప్టన్ ఆ బిళ్లలను సెకనుకు సుమారు 10 సార్లు తిరిగేలా ఉంచగా, జాక్సన్ ఆ వేగాన్ని దాదాపు మూడవ వంతుకు తగ్గించారు. ఆ చిన్న మార్పుతో ప్రతి స్వరమూ నెమ్మదిగా అలలా లేచి పడుతూ గాయకుని గొంతును తలపించింది.

1945లో సుప్రసిద్ధ ట్రంపెట్ విద్వాంసుడు డిజీ గిలెస్పీ ఆయన ప్రతిభను గుర్తించి తన బృందంలో చేర్చుకున్నారు. తరువాత జాక్సన్ పేరిట ఆరంభమైన నలుగురి బృందం 1952లో 'మోడర్న్ జాజ్ క్వార్టెట్'గా రూపొందింది. పియానో వాద్యకారుడు జాన్ లూయిస్ దానిని ఐరోపా శాస్త్రీయ సంగీతపు క్రమశిక్షణతో తీర్చిదిద్దారు. కీర్తి లభించింది. అయితే బ్లూస్ బాణీలో స్వేచ్ఛగా విహరించే జాక్సన్ మనస్సుకు ఆ కట్టుబాట్లు ఒక్కొక్కసారి ఇరుకుగా తోచేవి.

ఆ మనస్సు విప్పారిన ఆల్బమ్ 1957 జనవరిలో రికార్డు చేసిన 'ప్లెంటీ, ప్లెంటీ సోల్'. అందులో ఒకవైపు క్విన్సీ జోన్స్ కూర్చిన పెద్ద బృందగోష్ఠి, మరొకవైపు ఆరుగురి ఆత్మీయ సంభాషణ. రెండింటి నడుమా జాక్సన్ వాద్యం చర్చి గీతాల భక్తినీ, బ్లూస్‌లోని వేదననూ ఒకే ఊపిరిలో పలికించింది.

స్వేచ్ఛను కోరి 1974లో ఆయన వైదొలగగా క్వార్టెట్ ఆగిపోయింది. 1981లో ఆ నలుగురూ మళ్ళీ కలిశారు. జాక్సన్ 1999 అక్టోబరు 9న న్యూయార్క్‌లో కన్నుమూశారు.

క్రమశిక్షణ కళకు గట్టు వంటిది. స్వేచ్ఛ ప్రవాహం వంటిది. గట్టు లేని నీరు చెదిరిపోతుంది. ప్రవాహం లేని గట్టు ఎండిపోతుంది. ఈ రెండింటి నడుమ జీవితమంతా సమన్వయం వెతుకుతూ, జాక్సన్ లోహానికి హృదయాన్ని ప్రసాదించారు.