ఆ పది శాతం వెనక ఒక మడుగు

ఈవీఎస్ పరీక్షలో టెన్ పర్సెంట్ లా రాయనివాళ్లు మనలో ఎవరూ ఉండరేమో. గడ్డి, మిడత, కప్ప, పాము: మెట్టు మెట్టుకీ పదో వంతు శక్తే మిగులుతుందని రాసి, పక్కన లిండెమన్, 1942 అని పెట్టి రెండు మార్కులు తెచ్చేసుకుంటాం. ఆ లిండెమన్ ఎవరో అడిగితే మాత్రం బ్యాక్‌బెంచీ, ఫస్ట్‌బెంచీ ఒకటే.

రేమండ్ లిండెమన్ 1915లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పుట్టాడు. అక్కడి యూనివర్సిటీలోనే పీహెచ్‌డీకి చేరి, మినియాపొలిస్‌కి ఉత్తరాన ఉన్న సెడార్ బాగ్ లేక్‌ని ఎంచుకున్నాడు. పేరుకే లేక్, నిజానికి అదొక మడుగు. లోతు మీటరు. పూడిపోతూ, ముసలిదైపోతున్న నీరు. ఐదేళ్లపాటు అతను దాన్ని వదల్లేదు. నీళ్లలో తేలే ఆల్గే (మన పాచే, కాకపోతే చాలావరకు కంటికి కనపడనంత చిన్నది), నీటిమొక్కలు, వాటిని తినే పురుగులు, అడుగు బురదలోని లార్వాలు, అన్నీ పట్టి లెక్కపెట్టాడు. వేసవే కాదు, పైన మంచు గడ్డకట్టినప్పుడు కింద ప్రాణవాయువు లేకుండా ఏవి బతుకుతాయో కూడా చూశాడు. భార్య ఎలినార్ ఈ పనిలో తోడుగా ఉంది.

అప్పటిదాకా చెరువుల శాస్త్రమంటే ఎక్కువగా జాబితాలే: ఏ నాచు ఉంది, ఏ చేప ఉంది, ఎంత ఉంది. లిండెమన్ వాటన్నిటినీ ఒకే యూనిట్‌లోకి, కేలరీల్లోకి మార్చేశాడు. మనం థర్మోలో చేసే ఎనర్జీ బ్యాలెన్సే, కాకపోతే బాయిలర్ బదులు మడుగు. ఏడాదికి చదరపు సెంటీమీటరు మీద పడే ఎండ 1,18,872 కేలరీలు. అందులో ఆల్గే, మొక్కలు పట్టుకున్నది 111. వాటిని తినేవాటికి దక్కింది దాదాపు 15. ఆ పైవాటికి 3. చచ్చినదంతా అడుగు బురదలో చేరుతుంది, బ్యాక్టీరియా దాన్ని కుళ్లబెట్టి మళ్లీ ఆల్గేకి ఎరువుగా అందిస్తుంది. అతని బొమ్మలో నడిమధ్యన ఉన్నది చేప కాదు, ఆ బురద!

ఇంకో సంగతి. అతని పట్టికలో పది శాతం ఎక్కడా లేదు. సెడార్ బాగ్‌లో శాకాహారులకు 13.3 శాతం, మాంసాహారులకు 22.3. పోల్చడానికి పెట్టిన విస్కాన్సిన్‌లోని మెండోటా సరస్సులో 8.7, 5.5, 13. పైమెట్టుకి వెళ్లేకొద్దీ సామర్థ్యం పెరుగుతుందేమోనని అతని ఊహ. పది అన్న గుండ్రటి అంకె తర్వాతివాళ్లది.

1941లో పీహెచ్‌డీ అయ్యాక యేల్‌లో హచిన్సన్ దగ్గరికి వెళ్లాడు. అక్కడ పేపర్‌కి మెరుగులు దిద్ది ఎకాలజీ పత్రికకు పంపిస్తే, ఇద్దరు రివ్యూయర్లూ వద్దన్నారు. ఒకరు వెల్చ్, ఇంకొకరు ఛాన్సీ జుడే. ఈ జుడే విస్కాన్సిన్ సరస్సుల మీద దశాబ్దాలు గడిపిన మనిషి. ట్రౌట్ లేక్ ఒడ్డున వేసవి స్టేషన్‌లో ఏటేటా నీళ్లు తోడి కొలిచినవాడు. మెండోటా లెక్కలూ ఆయనవే. సిద్ధాంతం ఎక్కువ, డేటా తక్కువ, ఇంకా చాలా సరస్సులు చూడాలి అన్నది అభ్యంతరం. ఆయన్ని విలన్‌ని చేయనక్కర్లేదు. రెండు సరస్సులతో ప్రపంచానికి సూత్రం చెప్తానంటే మన గైడ్ మాత్రం ఊరుకుంటారా?

కానీ లిండెమన్ దగ్గర ఇంకా చాలా సరస్సులు చూసేంత టైమ్ లేదు. కాలేయ జబ్బు ముదురుతోంది. హచిన్సన్ గట్టిగా వాదిస్తూ ఎడిటర్ థామస్ పార్క్‌కి ఉత్తరం రాశాడు. లిండెమన్ మార్పులు చేసి తిరిగి పంపాడు. రివ్యూలను పక్కనపెట్టి పార్క్ పేపర్‌ని తీసుకున్నాడు.

1942 జూన్ 29న లిండెమన్ పోయాడు. ఇంకో నెలైతే 27 నిండేవి. అక్టోబర్‌లో పేపర్ అచ్చయింది. చివర్లో హచిన్సన్ చిన్న నివాళి జోడించాడు. అంతకు కొన్ని పేజీల ముందు, సెడార్ బాగ్ అంకెల పక్కనే, జుడే కొలిచిన మెండోటా అంకెలు అలాగే ఉన్నాయి.